మూడో గీతే సాక్షి: త్రిభుజంలో నాలుగు కేంద్రాలు పట్టుకోవడం ఎలా?

షర్టు పెట్టెలో వచ్చే అట్ట, వృత్తలేఖిని, స్కేలు, మూలమట్టం, సన్నగా చెక్కిన పెన్సిలు తీసుకోండి. కింద ఆరేడు సెంటీమీటర్లు ఖాళీ వదిలి 14 సెం.మీ. భూమి గీయండి. ఎడమ కొస నుంచి 13, కుడి కొస నుంచి 15 సెం.మీ. చాపాలు గీస్తే పై శీర్షం దొరుకుతుంది. ఈ కొలతలే ఎందుకంటే, తప్పు జరిగితే స్కేలే పట్టిస్తుంది.

ముందు లంబ సమద్విఖండన రేఖలు. వృత్తలేఖినిని 9 సెం.మీ. తెరిచి, భూమి రెండు కొసల నుంచీ పైనా కిందా చాపాలు గీసి, అవి ఖండించుకున్న చోట్లను కలపండి. మిగతా భుజాలకూ అంతే. మూడూ కలిసేది పరివృత్త కేంద్రం. అక్కడ ముల్లు గుచ్చి, ఒక శీర్షం దాకా తెరిచి తిప్పితే వృత్తం మిగతా రెండు శీర్షాలనూ తాకాలి. వ్యాసార్ధం 8 సెం.మీ. మీద ఒక మిల్లీమీటరు చిల్లర.

నిజానికి బిందువు దొరకడానికి రెండు గీతలు చాలు. మూడోది సాక్షి. మొదటిసారి గీసినప్పుడు మూడూ ఒకచోట కలవక, నడుమ బియ్యపు గింజంత త్రిభుజం మిగలొచ్చు. దాని మధ్యలో చుక్క పెట్టేసి సరిపెట్టుకోకండి. వృత్తలేఖిని మర వదులైందేమో చూసి, బిగించి మళ్లీ గీయండి.

ఇప్పుడు భుజాల మధ్యబిందువులు ఉచితంగా దొరికాయి. వాటిని ఎదుటి శీర్షాలతో కలిపితే మధ్యగత రేఖలు. అవి కలిసేది గురుత్వ కేంద్రం. శీర్షం వైపు ముక్క, భుజం వైపు ముక్కకు సరిగ్గా రెట్టింపు ఉండాలి.

లంబాలకు మూలమట్టం అంచును భుజం మీద ఆనించి, నిలువు అంచు ఎదుటి శీర్షాన్ని తాకేదాకా జరపండి. పై నుంచి దిగిన లంబం 12 సెం.మీ.; ఎడమ కొసకు 5 సెం.మీ. దూరంలో ఆగుతుంది. మూడు లంబాలూ కలిసేది లంబకేంద్రం. అధిక కోణ త్రిభుజమైతే అది బయట పడుతుంది, కంగారు పడకండి.

చివరిగా కోణ సమద్విఖండన రేఖలు గీస్తే అంతరవృత్త కేంద్రం వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు వృత్తలేఖినిని శీర్షం దాకా తెరుస్తారు. కాదు, భుజానికి లంబ దూరమే వ్యాసార్ధం: 4 సెం.మీ.

మొదటి మూడు కేంద్రాల మీదా స్కేలు పెట్టి చూడండి, ఒకే గీతలో ఉంటాయి. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చూపించిన రేఖ ఇదే. నాలుగోది కూడా అందులోనే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అర మిల్లీమీటరు పైనే పక్కకుంది!

అట్టను త్రిభుజాకారంలో కత్తిరించి, గురుత్వ కేంద్రం కింద పెన్సిలు మొన ఆనించండి. నిలుస్తుంది. మొనను 3 మిల్లీమీటర్లు జరిపి అంతరవృత్త కేంద్రం కిందకి తెండి. ఒరిగిపోతుంది.