పాత స్టీల్ సైకిల్ ఇంకా పనికొస్తుందా?

మా బాబాయి చదువు ముగించుకొని ఇంగ్లండ్ నుంచి వస్తూ తెచ్చుకున్న రోడ్ సైకిల్ ఒకటి అటక మీద ఉండేది. 1970ల నాటిది. ఈ సెలవుల్లో కిందికి దించాను. ఆదివారం పొద్దున సరదాగా తొక్కడానికి ఇది పనికొస్తుందా, లేక గోడకి అలంకారమేనా? మెకానికల్ చదువుతున్నాం కదా, లెక్క వేసి చూద్దాం.

ముందు బరువు. కాటా మీద 12 కిలోలు తూగింది. ఇప్పటి కార్బన్ సైకిల్ 8 కిలోలు అనుకుందాం. నా బరువు 65. అంటే ఎత్తు ఎక్కించాల్సింది 77 కిలోలా, 73 కిలోలా అన్నదే ప్రశ్న. తేడా దాదాపు 5 శాతం. చదును రోడ్డు మీద గాలితోనే అసలు పోరు కాబట్టి అక్కడ ఇదీ తెలీదు.

తర్వాత ఫ్రేమ్. దాని మీద రేనాల్డ్స్ 531 స్టిక్కర్ ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1935లో వచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు అది. ఉక్కుకి ఫెటీగ్ లిమిట్ ఉంటుందని మనం చదివాం. స్ట్రెస్ ఆ హద్దు దాటనంతవరకు ఎన్ని వేల కిలోమీటర్లు తొక్కినా పగుళ్లు రావు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. ఉక్కుకి శత్రువు తుప్పు. అందుకే సీటు గొట్టం పీకి, టార్చి వేసి లోపల చూశాను. పైపైన పొడి తప్ప ఏమీ లేదు.

అసలు చిక్కు బ్రేకుల్లో వచ్చింది. వాన వెలిసిన సాయంత్రం సందు చివర బ్రేకు నొక్కితే సైకిల్ ఆగలేదు. ఆగి ఉన్న ఆటోకి జానెడు దూరంలో, కాళ్లు నేలకి రాస్తూ ఆపాను. రిమ్ములు క్రోమ్ పూసిన ఉక్కువి. ఆ నునుపు మీద నీటి పొర చేరితే రబ్బరుకి పట్టు దొరకదు. అల్యూమినియం రిమ్ములు వేయించక తప్పదు. పాత 27 అంగుళాల చక్రానికి టైరు కూర్చునే వ్యాసం 630 మి.మీ., ఇప్పటి 700సి చక్రానికి 622. అంటే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి జరగాలి. మా సైకిల్‌కి జరిగాయి. మీరు కొనేముందు కొలిచి చూసుకోండి.

చివరగా గేర్లు. ముందు 42 పళ్లు, వెనక పెద్దది 24. నిష్పత్తి 1.75. ఇప్పటి సైకిళ్లలో 34, 28 మామూలే. అంటే 1.21. అదే ఎత్తుకి పెడల్ మీద బలం 30 శాతం తక్కువ చాలు. బరువులో పోయే 5 శాతం దీని ముందెంత? వెనక 28 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే నిష్పత్తి 1.5కి దిగింది. మోకాళ్లు ఊపిరి పీల్చుకున్నాయి.

కాబట్టి నా జవాబు: పనికొస్తుంది. పాత స్టీల్ సైకిల్ దొరికితే ఎంత బరువని అడిగే ముందు, రిమ్ము తడిపి బ్రేకు నొక్కి చూడండి.