ఆరుబయలే తొలి పాఠశాల

ఆట చదువుకు ఆటంకమని మన పెద్దలలో అనేకుల నమ్మకం. ఇది సరికాదని మహారాష్ట్రలోని ఒక గిరిజన ప్రాంతపు అనుభవం తెలియజేయుచున్నది. శ్రీమతి తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామంలో శిశువిద్యా కేంద్రాన్ని నెలకొల్పారు. అనూతాయి వాఘ్ ఆమెకు తోడైనారు. ఖరీదైన మాంటిసోరి పరికరాలకు బదులు ఆకులు, గింజలు, గులకరాళ్ళు, గవ్వలు వాడారు. పిల్లలు బడికి రానిచోట బడినే వారి ముంగిటికి తీసుకొనిపోయారు. తరువాత కోస్బాడ్‌లో పశువులు కాచే బాలలకొరకు పచ్చికబయలులోనే పాఠశాల నడిపారు.

ఇందలి మర్మం సులభమే. చింతగింజలు ఏరి కుప్పలు పోసే వ్రేళ్ళకు బలపం పట్టే పట్టు చిక్కుతుంది, లెక్కయు అలవడుతుంది. ఎగుడుదిగుడు నేలపై నడచుటచే శరీరానికి నిలకడ వస్తుంది. ఆకులను చిన్న పెద్ద వరుసలో పేర్చుటచే పోల్చిచూచే శక్తి, నలుగురు కలిసి ఇసుకగూడు కట్టుటచే మాట, ఓర్పు పెరుగుతాయి. పెద్దలు చేయవలసినది కనిపెట్టి ఉండుట మాత్రమే. అడుగడుగున ఆజ్ఞాపించుట కాదు.

నేడు ఇరుకు గల్లీలలో పెరిగే మన చిన్నారులకు ఇంట ముంగిలి లేదు, వీధిలో వాహనాల భయం. మన కళాశాల వేపచెట్ల నీడ ఆదివారం ఖాళీగానే ఉన్నది. వారానికొక గంట ఆ నీడను వారికి ఇప్పించవలసినదిగా కమిటీ పెద్దలను ప్రార్థిస్తున్నాము. గింజలు, గులకరాళ్ళు మేమే సేకరిస్తాము. పిల్లలను కనిపెట్టి ఉండే బాధ్యతయు మాదే.