మళ్లీ దరఖాస్తు చేసేముందు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఫిజికల్ థెరపీ డాక్టరేట్‌కి నిరుడు దరఖాస్తు చేస్తే ఎక్కడా సీటు రాలేదు. ఇప్పుడొక క్లినిక్‌లో ఎయిడ్‌గా పూర్తికాలం పనిచేస్తున్నాను. మళ్లీ ఎలా సిద్ధపడాలి?

జవాబు: ముందు, సీటివ్వని కాలేజీల అడ్మిషన్ ఆఫీసులకు ఈమెయిల్ రాయండి. నా దరఖాస్తులో ఏది తక్కువైందని అడగడంలో చిన్నతనం లేదమ్మా. అందరూ చెప్పరు. చెప్పిన ఒక్కరి మాటైనా మీకు దారి చూపిస్తుంది.

చాలామందిని వెనక్కి లాగేది సైన్సు గ్రేడ్లే. అనాటమీలోనో ఫిజియాలజీలోనో ‘సి’ ఉంటే కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుకు చేరండి. అయితే దరఖాస్తులు తీసుకునే పీటీక్యాస్ పాత గ్రేడును చెరిపేయదు, రెండు ప్రయత్నాలనూ జీపీఏలో కలుపుతుంది. అందుకే ఉద్యోగం చేస్తూ రెండు కోర్సులు నెత్తిన వేసుకుని అలసిపోవడం కన్నా ఒక్కటే తీసుకుని ‘ఎ’ తెచ్చుకోవడం మేలని నా నమ్మకం.

మీ ఉద్యోగమే మీ బలం. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన మొదటిసారి మెట్లెక్కిన రోజు థెరపిస్టు ఏం చేశారు, మీరేం గమనించారు? పేషెంటు ఎవరో తెలియనివ్వకుండా అది దరఖాస్తు వ్యాసంలో రాయండి. పాత వ్యాసాన్నే దులిపి పంపకండి. మీది ఔట్‌పేషెంట్ క్లినిక్కే అయితే, సెలవు రోజుల్లో ఆసుపత్రి ఇన్‌పేషెంట్ విభాగంలోనూ కొన్ని గంటలు పరిశీలనకు అడగండి.

కొత్త దరఖాస్తుల సైకిల్ సాధారణంగా జూన్ మధ్యలో మొదలవుతుంది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లిస్తాయి కాబట్టి, సిఫారసు లేఖ కోసం మీ థెరపిస్టును ఏప్రిల్‌లోనే అడిగి ఉంచండి.