రెండో ప్రశ్నకి సిద్ధంగా ఉన్నారా?

"అర్రేని లిస్ట్‌గా ఎలా మారుస్తారు?" జావా ఇంటర్వ్యూ మొదట్లోనే అడిగే చిన్న ప్రశ్న ఇది. అర్రేస్.యాజ్‌లిస్ట్ అని టక్కున చెప్పేస్తారు. తప్పు లేదు. వెంటనే రెండో ప్రశ్న పడుతుంది: "సరే, ఆ లిస్ట్‌కి ఇంకో ఎలిమెంట్ యాడ్ చేయండి." జవాబులు బట్టీపట్టి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే.

శాన్ రామన్‌లో ఈ ప్రశ్న తెలుగిళ్లకు బాగా దగ్గరిది. బిషప్ ర్యాంచ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, 680 హైవే మీద శాన్ హోసే దాకా వెళ్లొచ్చేవాళ్లు, ఎంఎస్ ముగించి బంధువుల ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, పిల్లలు కాస్త పెద్దయ్యాక హెచ్‌4 ఈఏడీ మీద మళ్లీ కెరీర్ మొదలుపెట్టాలనుకుంటున్న తల్లులు, అందరూ ఇక్కడే ఉన్నారు. 2011లో జీఈ తన సాఫ్ట్‌వేర్ కేంద్రానికి ఈ ఊరినే ఎంచుకుంది. 2024 ఆగస్టులో షెవ్రాన్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడి నుంచి హ్యూస్టన్‌కి మారుస్తున్నట్టు ప్రకటించింది. ఇంటి పక్కనున్న ఒక్క కంపెనీని నమ్ముకుని తయారైతే కుదరదు. ఏ కంపెనీ తలుపు తట్టినా పనికొచ్చేలా పునాది ఉండాలి.

ఆ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. యాజ్‌లిస్ట్ డేటాని కాపీ చేయదు. ఉన్న అర్రే మీదే లిస్ట్ తొడుగు వేసి ఇస్తుంది. ఒకే ఇంటికి రెండో గుమ్మం పెట్టినట్టు: ఏ గుమ్మంలోంచి వెళ్లి సామాను మార్చినా మారేది ఆ ఇంట్లోనే. లిస్ట్‌లో సెట్ చేస్తే అర్రేలో విలువ మారుతుంది, లిస్ట్‌ని సార్ట్ చేస్తే అర్రే కూడా సార్ట్ అయిపోతుంది. అర్రే సైజు పెరగదు, తగ్గదు కాబట్టి యాడ్ చేసినా, రిమూవ్ చేసినా అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. ఈ లిస్ట్ క్లాస్ పేరు కూడా అర్రేలిస్టే. అయితే అది మనం రోజూ వాడే అర్రేలిస్ట్ కాదు, అర్రేస్ క్లాస్ లోపల ఉన్న వేరే ప్రైవేట్ క్లాస్. గెట్‌క్లాస్ ప్రింట్ చేసి చూస్తే మీకే తెలుస్తుంది. పెరిగే లిస్ట్ కావాలంటే యాజ్‌లిస్ట్ ఇచ్చినదాన్ని కొత్త అర్రేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌కి అందించాలి. అప్పుడు లిస్ట్‌కి సొంత అర్రే ఏర్పడుతుంది, పాతదానితో సంబంధం తెగిపోతుంది.

మూడో ప్రశ్న ఇంకాస్త లోతుకి వెళ్తుంది. అయిదు అంకెలున్న ఇంట్ అర్రేని యాజ్‌లిస్ట్‌కి ఇస్తే లిస్ట్ సైజు ఎంత? అయిదని చెప్పాలనిపిస్తుంది. నిజానికి ఒకటి. జావా జెనెరిక్స్‌లో ప్రిమిటివ్ టైపులకు చోటు లేదు కాబట్టి కంపైలర్ మొత్తం అర్రేని ఒకే వస్తువుగా తీసుకుంటుంది. అదే ఇంటిజర్ అర్రే ఇస్తే అయిదు వస్తాయి. ఇంట్ అర్రేకి సరైన దారి 2014లో జావా 8తో వచ్చిన స్ట్రీమ్స్: అర్రేస్.స్ట్రీమ్, దాని మీద బాక్స్‌డ్, చివర లిస్ట్‌గా కలెక్ట్ చేయడం. బాక్స్‌డ్ ఎందుకని అడిగితే, ప్రతి ఇంట్‌నీ ఇంటిజర్ వస్తువుగా మార్చడానికని చెప్పగలగాలి. లక్షల అంకెలుంటే ఆ మార్పు మెమరీని గట్టిగానే తింటుందని కూడా కలపండి. అడగకుండానే ఖర్చు గురించి మాట్లాడిన అభ్యర్థి మీద గురి కుదురుతుంది.

కెరీర్‌లో విరామం తీసుకున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీరు వదిలేసిన నాటికి జావా 6 లేదా 7 నడుస్తూ ఉండొచ్చు. మీకు తెలిసినదేదీ పనికిరాకుండా పోలేదు. మీరు రాసిన ఫర్ లూప్ ఇప్పటికీ సరైన జవాబే. దాని మీద వచ్చి చేరినవి నేర్చుకుంటే చాలు. 2017లో జావా 9 లిస్ట్.ఆఫ్ తెచ్చింది. ఇది అర్రేని కాపీ చేస్తుంది, ఆ తర్వాత ఎవరినీ మార్చనివ్వదు, లోపల ఒక్క నల్ ఉన్నా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసురుతుంది. 2021లో జావా 16తో స్ట్రీమ్‌కి నేరుగా టులిస్ట్ వచ్చింది. అదీ మార్చలేని లిస్టే, నల్‌ని మాత్రం ఒప్పుకుంటుంది. రెజ్యుమేలో ఆ విరామాన్ని ఎలా దాచాలా అని మథనపడే సమయంలో ఈ నాలుగు దారులతో నాలుగు చిన్న ప్రోగ్రాములు రాసుకోండి.

ఓపీటీ మీదున్నవాళ్లకు గడియారం వేరుగా తిరుగుతుంది. ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, స్టెమ్ పొడిగింపు దొరికితే ఇంకో 60 కలుస్తాయి. ఆ ఒత్తిడిలో అమీర్‌పేట నోట్సు నుంచి వాట్సాప్ పీడీఎఫ్‌ల దాకా దొరికిందల్లా చదివేయాలనిపిస్తుంది. ప్రశ్నలేమిటో తెలుసుకోవడానికి అవి మంచివే. జవాబు మాత్రం మీ కంప్యూటర్ మీద రన్ అయి, ఎర్రర్ మీ కళ్లముందు కనబడి, ఎందుకొచ్చిందో మీ నోటితో చెప్పగలిగినప్పుడే మీ సొంతమవుతుంది. రూమ్మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో పైకి వివరించండి. ప్రతి జవాబుకీ "ఎందుకు?" అని అడగమనండి. అలా ఒక్క టాపిక్‌తో గడిపిన సాయంత్రం యాభై ప్రశ్నల పీడీఎఫ్ కంటే ఎక్కువ ఇస్తుందని నా గట్టి నమ్మకం.

హైస్కూల్లో ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ తీసుకున్న పిల్లలుంటే తల్లిదండ్రులు కొంచెం ఆగాలి. ఆఫీసులో వాడే స్ట్రీమ్స్ వాళ్లకు నేర్పేయాలన్న ఉత్సాహం మంచిదే కానీ, ఆ పరీక్ష కోరేది వేరు. నాలుగు రాత ప్రశ్నల్లో ఒకటి అర్రేలిస్ట్‌తో, ఒకటి 2డీ అర్రేతో పని చేయిస్తుంది. ఖాళీ అర్రేలిస్ట్ తెరిచి, లూప్‌లో ఒక్కొక్కటీ యాడ్ చేయడం వాళ్లకు తడుముకోకుండా రావాలి. అది వచ్చాక ఇంకో చిన్న లెక్క ఇవ్వండి: లిస్ట్‌లో పక్కపక్కనే రెండు సున్నాలు పెట్టి, మొదటి నుంచి లూప్ తిప్పుతూ సున్నాలన్నీ తీసేయమనండి. రెండో సున్నా మిగిలిపోతే ఎందుకు మిగిలిందో వాళ్లనే కనుక్కోనివ్వండి.