మేత వేళ చూసి మీటింగు పెట్టాలి

రొయ్యల రైతులకు ఆన్‌లైన్ శిక్షణ అంటే ముందు తేల్చుకోవాల్సింది టైము. నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు గుంటల దగ్గర మేత వేసే వేళ పిలిస్తే ఎవరూ రారు, వచ్చినా మనసు గట్టు మీదే ఉంటుంది. పొద్దుటి మేత వేసి, మేత ఎంత మిగిలిందో చెప్పే చెక్ ట్రేలు చూసుకున్నాక మధ్యాహ్నం మేతకు ముందు దొరికే ఖాళీయే మనది. నలభై నిమిషాలు చాలు.

ముందు రోజే వాట్సాప్‌లో ఒక పని అప్పజెప్పండి: చెక్ ట్రే ఫోటో తీసి, గ్రూపులో కాకుండా నాకు విడిగా పంపండి అని. ఫోటో ఎవరిదో మాత్రం బయటపెట్టొద్దు. గుంటలో జబ్బుందన్న పుకారు లేస్తే సరుకు ధర మీద పడుతుందని రైతు భయం. ఆ భయాన్ని గౌరవించకపోతే రెండోసారి ఎవరూ ఫోటో పంపరు.

మీటింగు మొదలవగానే స్వపరిచయాలు వద్దు. ఫోటో తెర మీద పెట్టి అడగండి: ‘ఈ పూట మేత పెంచుదామా, తగ్గిద్దామా, ఇంతే ఉంచుదామా?’ జూమ్‌లో పోల్ పెట్టొచ్చు. అది తెరవలేనివాళ్ళు చాట్‌లో 1, 2, 3 అని కొడితే చాలు. హాల్లో అయితే చేతులెత్తిస్తే సరి.

ఓట్లు పడగానే జవాబు చెప్పేస్తే క్లాసు అక్కడితో అయిపోయినట్టే. పెంచుదామన్న ఒకరిని పలకరించండి: ‘ఏం చూసి పెంచమంటున్నావన్నా?’ అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. శిక్షకులకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, ఆ నిశ్శబ్దాన్ని మన మాటతో నింపకుండా ఉండటం. ‘ట్రే ఖాళీగా ఉంది కదా’ అంటాడు. తగ్గిద్దామన్న ఇంకొకరు ‘రొయ్య పేగు చూడు, మధ్యలో తెగి ఉంది’ అంటాడు. నిజమే, ట్రేలో మేత నీటి కదలికకు కొట్టుకుపోయినా ఖాళీగానే కనిపిస్తుంది. అప్పుడు అడగండి, నిన్న మబ్బు పట్టిందా అని. మబ్బు రోజున నాచు ఆక్సిజన్ తక్కువగా తయారు చేస్తుంది, తెల్లవారుజాముకు అది అడుగంటుతుంది, రొయ్య మేత ముట్టదు. ఆక్సిజన్‌ను లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గనివ్వొద్దని చెప్పే స్లైడు ఇప్పుడు వేస్తే, అందరూ దాని కోసమే కాచుకుని ఉంటారు.

చెప్పే ముందు అడిగి మాట్లాడించే ఈ దారి నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. 1990ల తొలినాళ్ళ అక్షరాస్యతా ఉద్యమంలో ‘సీతమ్మ కథ’ పాఠం చదివించి ఊరుకోలేదు, మన ఊళ్ళో సారా సంగతేమిటని ఆడవాళ్ళను మాట్లాడనిచ్చారు. ఆ జిల్లాలోని దూబగుంట ఊళ్ళో సారా ఆపించింది ఆ మాటలే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

చాట్ చదవడానికి వేరే మనిషి ఉండాలి. సిగ్నల్ అందక మాట తెగిపోయేవాళ్ళ చేత వాయిస్ మెసేజ్ పెట్టించి అందరికీ వినిపించండి. ఎక్కువగా మాట్లాడే ఇద్దరు ముగ్గురిని కాసేపు ఆపక తప్పదు.

ముగించే ముందు అందరికీ ఒకే పని ఇవ్వండి: రేపు తెల్లవారకముందే ఆక్సిజన్ కొలిచి, అంకె పంపాలి. తర్వాతి మీటింగులో మొదటి ప్రశ్న ఆ అంకెల్లోంచే తీయండి.