విదేశీ వేదికపై తొలి ప్రసంగం: పాస్‌పోర్టు నుంచి పేటెంటు దాకా

డెవలపర్ సదస్సు అనగానే చాలామంది అభ్యర్థులు కరెంట్ అఫైర్స్ నోట్సులో ఒక వరుస రాసుకుని పేజీ తిప్పేస్తారు. ఏ కంపెనీ, ఏ నగరం, ఏ తేదీ, అంతే. మార్కులు అక్కడ లేవు. మన దగ్గరి నుంచి ఒకరు తొలిసారి బయటి దేశంలో మైకు ముందు నిలబడటానికి ఏయే చట్టాలు దాటి వెళ్లాలో చూస్తే పాలిటీ, ఎకానమీ, సైన్స్ అండ్ టెక్నాలజీ మూడూ ఒకేచోట తగులుతాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో వెళ్దాం. ఖైరతాబాద్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఒకమ్మాయి ప్రోగ్రామర్. బ్రసెల్స్‌లో ఏటా జనవరి చివర్లోనో, ఫిబ్రవరి మొదట్లోనో జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ సదస్సుకు ఆమె పంపిన ప్రపోజల్ ఎంపికైంది. విమానం ఖర్చు ఐరోపాలోని ఒక సంస్థ పెట్టుకుంటానంది. ఆమెకు దొరికే సమయం మహా అయితే అరగంట.

నేపథ్యం

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నరసేపు మౌస్, హైపర్‌టెక్స్ట్, వీడియో ద్వారా సంభాషణ చేసి చూపించారు. టెక్ సదస్సుల చరిత్రలో అందరూ మొదట చెప్పుకొనే డెమో అదే. అన్ని సదస్సులూ అంత ఆర్భాటంగా పుట్టలేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల మొదటి వర్క్‌షాపు 1994 నవంబరులో అమెరికాలో జరిగితే వచ్చింది ఇరవైమందే. మన దేశంలో అదే భాషకు జరిగే సదస్సు పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై 2018లో హైదరాబాద్‌కు వచ్చింది.

తెలుగువాళ్లలో గుర్తుంచుకోవాల్సిన పేరు రాజ్ రెడ్డి. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టి, గిండీలో ఇంజనీరింగ్ చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. 1994 ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియా నుంచి ఆ అవార్డు పొందిన తొలి వ్యక్తి ఆయనే.

ఏం మాట్లాడాలి?

ఈ భాగం పరీక్షకు అంతగా అక్కర్లేదు గానీ సైన్స్ అండ్ టెక్నాలజీలో పనికొస్తుంది. కొత్తగా వెళ్లేవాళ్లు కృత్రిమ మేధ భవిష్యత్తు లాంటి పెద్ద అంశం ఎత్తుకుంటారు. అది చెప్పడానికి అక్కడివాళ్లే బోలెడుమంది ఉన్నారు. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు మాత్రమే చెప్పగలిగింది వేరే ఉంటుంది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. ఆ అక్షరం జ్ఞా. మామూలుగా టైపు చేస్తే ఏమీ కాదు. జ, దాని మీద పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే గుర్తు, చివర దీర్ఘం, ఈ ఐదూ ఆ వరుసలో వస్తే అక్షరాన్ని తెరమీద గీయాల్సిన సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసేది. మెసేజ్ తెరిచిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దీన్ని సరిచేసింది.

కారణం తెలుగు లిపి కట్టుబాటులోనే ఉంది. ఇంగ్లిషులో ఒక అక్షరానికి ఒక కోడ్ సరిపోతుంది. మనకు ఒత్తులు, గుణింతాలు కలిసి ఒక అక్షరం తయారవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గది 128 స్థానాలదే అయినా, వాటి కలయికలతో ఏర్పడే రూపాలు వేలల్లో ఉంటాయి. జ కింద ఞ ఒత్తు ఎలా కూర్చుంటుందో ఒక్క స్లైడులో చూపిస్తే బ్రసెల్స్ శ్రోతలకు చిక్కు ఎక్కడుందో అర్థమైపోతుంది. మన ప్రోగ్రామర్ టాక్ ఇదే అనుకుందాం.

మాట్లాడే హక్కు సరిహద్దు దాటుతుందా?

ఈ వ్యాసంలో రెండుసార్లు చదవాల్సిన భాగం ఇది.

1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తేల్చింది. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. దానికంటూ ఒక చట్టమే లేదు. తీర్పు వచ్చాక ఆర్డినెన్సు, ఆ వెంటనే అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి.

1977 జులైలో మేనకా గాంధీ పాస్‌పోర్టును ఆ చట్టంలోని 10(3)(సి) కింద 'ప్రజా ప్రయోజనం' పేరిట స్వాధీనం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. కారణాలు అడిగితే చెప్పలేదు. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును మనవాళ్లు 'న్యాయమైన, సహేతుకమైన విధానం' అన్న ఒక్క ముక్కతో బట్టీపట్టి వదిలేస్తారు. మన అంశానికి కావాల్సింది అందులో ఇంకొకటి ఉంది. 19(1)(ఎ) కింద ఉన్న భావప్రకటన స్వేచ్ఛకు భౌగోళిక హద్దు లేదని, పౌరుడు దాన్ని విదేశీ గడ్డపైనా వినియోగించుకోవచ్చని జస్టిస్ భగవతి వివరించారు. అలాగని విదేశానికి వెళ్లే హక్కు 19(1)(ఎ)లో అంతర్భాగం కాదు. అది 21లోనే ఉంటుంది. అయితే ప్రయాణం ఆపడం వల్ల నేరుగా, తప్పనిసరిగా మాటే ఆగిపోతే అప్పుడు 19 కూడా రంగంలోకి వస్తుంది.

మన ఉదాహరణకు అన్వయిస్తే, బ్రసెల్స్ వెళ్లడం 21, అక్కడ మాట్లాడటం 19(1)(ఎ). ప్రిలిమ్స్‌లో ఈ రెండింటినీ తారుమారు చేసి అడిగితే తడబడే అవకాశం ఎక్కువ. మరో చిక్కు: మేనకా గాంధీ కేసులో కోర్టు స్వాధీనం ఉత్తర్వును లాంఛనంగా కొట్టివేయలేదు. ఆమె వాదన వింటామని అటార్నీ జనరల్ ఇచ్చిన హామీని నమోదు చేసుకుని కేసు ముగించింది.

టికెట్టు ఎవరు కొన్నారు?

విదేశీ సంస్థ డబ్బుతో ప్రయాణం అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ), 2010 గుర్తుకు రావాలి. విదేశీ వనరు ఇచ్చే ప్రయాణ ఖర్చు, ఉచిత బస, భోజనం, రవాణా ఈ చట్టంలో 'విదేశీ ఆతిథ్యం'. సెక్షన్ 6 ప్రకారం చట్టసభ సభ్యులు, రాజకీయ పార్టీల పదాధికారులు, న్యాయమూర్తులు, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ యాజమాన్యంలోనో నియంత్రణలోనో ఉన్న సంస్థల ఉద్యోగులు కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా దీన్ని స్వీకరించకూడదు. దరఖాస్తు ఫారం ఎఫ్‌సీ-2. విదేశంలో ఉండగా హఠాత్తుగా జబ్బుచేస్తే తీసుకునే వైద్య సాయానికి మినహాయింపు ఉంది గానీ, నెలలోపు తెలియజేయాలి.

అంటే ఖైరతాబాద్ ప్రోగ్రామర్‌కు ఇది వర్తిస్తుంది. అదే టాక్ ఇవ్వడానికి హైటెక్ సిటీలోని ప్రైవేటు కంపెనీ ఇంజనీరు వెళ్తే సెక్షన్ 6 అడ్డురాదు.

సొంత డబ్బుతో వెళ్తే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా), 1999. సరళీకృత చెల్లింపుల పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. 2004 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు పరిమితి 25 వేలే. ఈ పథకం కిందికి వచ్చే అవసరాల జాబితాలో 'సదస్సుకు హాజరు' అన్న మాట నేరుగానే ఉంది. యాజమాన్యమే పంపి ఖర్చు భరిస్తే అది ఉద్యోగి పరిమితిలోకి రాదు.

వీసా

బెల్జియం షెంజెన్ ప్రాంతంలో ఉంది. 1985 ఒప్పందం, ఇప్పుడు 29 దేశాలు. బల్గేరియా, రొమేనియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా చేరాయి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించకూడదు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఐర్లండ్, సైప్రస్ ఈయూలో ఉన్నా షెంజెన్‌లో లేవు, ఇది మాత్రం అడుగుతారు.

నోరు విప్పక ముందు

టాక్‌లో చెప్పేది కొత్త ఆవిష్కరణ అయితే, చెప్పేయడంతోనే పేటెంటుకు కావాల్సిన 'కొత్తదనం' పోవచ్చు. మన పేటెంట్ల చట్టం, 1970లో సెక్షన్ 31 కొంత ఊరటనిస్తుంది. ఆవిష్కర్త విద్వత్సభలో పత్రం చదివినా, కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపినా 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఖైరతాబాద్ విశ్వేశ్వరయ్య భవన్‌లో ఇంజనీర్లు పత్రాలు చదివే తరహా సభలను మనసులో పెట్టుకుని రాసిన నిబంధనలా కనిపిస్తుంది నాకు. టీషర్టులు వేసుకుని ల్యాప్‌టాప్‌లు తెరుచుకు కూర్చునే డెవలపర్ సదస్సు విద్వత్సభ అవుతుందా అన్నది వాదించాల్సిన విషయమే. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. ఐరోపాలో అలాంటి సాధారణ వెసులుబాటు లేదు, మాట్లాడటానికి ముందే దరఖాస్తు వేయాలి. అసలు సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం దానికదిగా మన దగ్గర పేటెంటుకు అర్హం కాదు.

పాములవాడి సరసన వక్త

సదస్సు వీడియో నెట్‌లో పెడతారు. దానిపై వక్తకు హక్కుందా? కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 2(క్యూక్యూ) చదవండి. 'ప్రదర్శకుల' జాబితాలో నటులు, గాయకులు, నర్తకులు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు, వాళ్ల పక్కనే ఉపన్యాసం ఇచ్చే వ్యక్తి! ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. బహిరంగ ప్రసంగానికి తొలి హక్కుదారు ప్రసంగించినవారేనని సెక్షన్ 17(సిసి) చెబుతోంది. మరొకరి తరఫున మాట్లాడితే హక్కు ఆ మరొకరిది. వీడియో తీసింది బెల్జియంలో కాబట్టి నిజజీవితంలో అక్కడి చట్టమూ చూడాలి. పరీక్షకు మనది చాలు.

సాధన ప్రశ్నలు

1. విదేశాలకు వెళ్లే హక్కు 19(1)(ఎ)లో అంతర్భాగమని మేనకా గాంధీ కేసులో తీర్పు వచ్చింది. ఈ వాక్యం ఒప్పా, తప్పా? (జవాబు: తప్పు)

2. 'ప్రయాణ స్వేచ్ఛ, భావప్రకటన స్వేచ్ఛ వేర్వేరు గదులు కావు.' పాస్‌పోర్టు కేసుల ఆధారంగా చర్చించండి.

3. ఒక ప్రభుత్వ ఉద్యోగి సొంత సెలవు పెట్టుకుని, విదేశీ సంస్థ ఇచ్చిన టికెట్టుతో సదస్సుకు వెళ్లి ప్రసంగించి వచ్చారు. ప్రసంగం కార్యాలయ పనికి సంబంధించినది కాదు. పై అధికారిగా మీకు ఈ సంగతి ఒక వీడియో చూసి తెలిసింది. ఏం చేస్తారు? చట్టాన్ని, సదుద్దేశాన్ని రెండింటినీ తూచి రాయండి.