సైకిల్ అడ్వాన్స్ తీసుకునే ముందు ఒక లెక్క



సెలవుల ముందు జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ అడిగారు. "టీచర్‌గారూ, మా ఆఫీసులో సైకిల్ కొనుక్కోడానికి అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. వడ్డీ లేదట, నెలనెలా జీతంలో కోసుకుంటారట. మావాడేమో గేర్లదే కొనమంటున్నాడు. కొనమంటారా?" ఎనిమిదో తరగతికి సరళవడ్డీ చెప్పేదాన్ని కాబట్టి నన్ను అడిగారనుకుంటాను. వెనకాల క్యూ ఉంది, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం కదా, ఈ నెల పేజీలో ఆ జవాబే రాస్తున్నాను.

సైకిల్ అడ్వాన్స్ మన ఇళ్లకు కొత్త మాటేమీ కాదు. రైల్వేలోనో పోస్టాఫీసులోనో పనిచేసిన తాతగారు ఉంటే అడిగి చూడండి. కేంద్ర ప్రభుత్వం ఏడో వేతన సంఘం సిఫార్సు మీద 2016లో దాన్ని ఆపేసింది. బ్రిటన్‌లో మాత్రం 1999 నుంచి ఇలాంటి పథకమే నడుస్తోంది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల నోట వినే ఉంటారు. అక్కడ వాయిదాను పన్ను లెక్కకట్టక ముందే జీతంలోంచి తీసేస్తారు, కాబట్టి పన్ను కూడా తగ్గుతుంది. మన దగ్గర ఆ సౌకర్యం లేదు. యజమాని ఇచ్చే వడ్డీలేని అప్పులన్నీ కలిపి ఒక పరిమితి దాటకపోతే దాని మీద పన్ను పడదు, అంతే. కాబట్టి మనకు మిగిలేది వడ్డీ ఒక్కటే. అదెంతో చూద్దాం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

సైకిల్ ధర 9,600 అనుకుందాం. ఆఫీసు అడ్వాన్స్ అయితే 12 నెలలకు నెలకు 800. అదే బయట 12 శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకుంటే వడ్డీ 1,152, నెలకు 896. పన్నెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తీరుస్తూనే ఉంటారు. ఏడాది మొత్తం మీద సగటున మీ దగ్గర ఉండే అప్పు 5,200 మాత్రమే. 5,200 మీద 1,152 అంటే 22 శాతం పైనే! మా ఎనిమిదో తరగతి పిల్లలు ఈ లెక్క దగ్గర ఒకసారి తలెత్తి చూస్తారు. అడ్వాన్స్ దొరికితే తీసుకోవడమే మంచిదని నేను అనేది ఇందుకే.

ఇక పెట్రోలు. ఇంటి నుంచి స్టేషన్‌కు 5 కిలోమీటర్లు, రానూపోనూ 10. నెలకు 25 రోజులు, 250 కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇస్తే 5 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే 550 రూపాయలు. అంటే మొదటి ఏడాది నెలకు 250 జేబులోంచే పోతుంది. సైకిల్ ఖరీదు తిరిగి రావడానికి పదిహేడు పద్దెనిమిది నెలలు పడుతుంది. అదీ రోజూ తొక్కితేనే. తొక్కినా తొక్కకపోయినా కోత మాత్రం ఆగదు.

ఇది నాకు అనుభవమే. ఇదివరకు పనిచేసిన చోట అడ్వాన్స్ ఇస్తామంటే, "నెలకు ఇంకో మూడొందలే కదా" అని ముందూ వెనకా షాకులున్న 21 గేర్ల సైకిల్ తీసుకున్నాను. మూడో నెల నుంచి అది మెట్ల కింద, నేను ఆటోలో. వాయిదాలు మాత్రం ఏడాదంతా కట్టాను. తప్పు సైకిల్‌ది కాదు. ధర చూడాల్సిన చోట వాయిదా చూశాను, నా ఎత్తు చూసుకోలేదు.

అందుకే షాపులో ముందు ఎత్తు చూసుకోండి. సైకిల్‌కు అటొక కాలూ ఇటొక కాలూ వేసి నేల మీద నిలబడండి. పై బార్‌కూ మీకూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. తర్వాత సీటెక్కి, మడమను కింది పెడల్ మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందరిపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాళ్ల నొప్పులు, మరీ పైకుంటే నడుం అటూ ఇటూ ఊగుతుంది. చీర కట్టుకునే అమ్మలు పై బార్ లేని ఫ్రేమ్, చెయిన్ కవర్ ఉన్నది చూసుకోవాలి. పిల్లలకు మాత్రం "పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొనకండి, బ్రేకు వేళ్లకందదు.

తర్వాత దారి. ఆమదాలవలస రోడ్లు చాలావరకు చదునే. ఊళ్లోనే తిరిగేవారికి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కేవారికి గేర్లు లేని సైకిల్ చాలు. రోజూ శ్రీకాకుళం దాకా తొక్కేవారికైతే ఆరేడు గేర్లు పనికొస్తాయి. షాకులు బరువు పెంచుతాయి తప్ప తారు రోడ్డు మీద పెద్దగా ఉపయోగం లేదు. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, బెల్లు, వెనక ఎర్ర లైటు ధరలోనే ఉన్నాయా, వేరేనా అని అడగండి. విడిగా కొంటే బిల్లు చాలా పెరుగుతుంది. డిస్క్ బ్రేకు బాగుంటుంది కానీ, మీ వీధి చివర సైకిల్ షాపాయన దాన్ని బాగుచేయగలడో లేదో ముందే కనుక్కోండి.

బ్యాటరీ సైకిల్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఈ మూడింటిలో ఏది దాటినా అది మోటారు వాహనమే. తొమ్మిదో తరగతి పిల్లాడి చేతికి ఇవ్వకూడదు.

చివరగా ఆఫీసులో అడగాల్సినవి. ఉద్యోగం మధ్యలో మానేస్తే మిగిలిన బాకీ ఒకేసారి కోస్తారా? బిల్లు ఎవరి పేరు మీద ఉంటుంది? ఫలానా షాపులోనే కొనాలా? అలాగైతే అదే మోడల్ ధర ఇంకో షాపులో కూడా అడగండి. అక్కడ నాలుగైదు వందలు తక్కువుంటే వడ్డీ లేదన్న లాభంలో సగం దాకా ఇక్కడే పోయినట్టు. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. బిల్లులో అదే వేశారో లేదో చూడండి. ఫ్రేమ్ కింద చెక్కి ఉండే నంబర్‌ను కూడా బిల్లు మీద రాయించుకోండి. స్టేషన్ దగ్గర సైకిల్ పోతే, అది మీదేనని చూపించడానికి పనికొచ్చేది ఆ నంబరే.